వెనక తలుపున్న గదికి కాపలా

నేను ఒక ఇత్తడి తాళం కప్పను. అనుమానమే లేకపోతే నేను పుట్టేదాన్నే కాదు. ఇరుగూ పొరుగూ మంచివాళ్ళని అందరూ ఒప్పుకున్న రోజున మా జాతంతా కరిగి చెంబులూ గ్లాసులూ అయిపోతుంది. ఆ రోజు రాదని నాకు గట్టి నమ్మకం. నాకున్న నమ్మకం అదొక్కటే.

నన్ను చేసినవాడు కోనసీమలో వీరభద్రమనే కంసాలి. నన్ను పోతపోసి, బిగించి, పెళ్ళానికి చూపించి "ఇది దేవుడు కూడా తియ్యలేడు" అన్నాడు. ఆవిడ తల్లో పిన్ను తీసి, పొయ్యి మీద కూర కలుపుతూనే నన్ను తీసేసింది. ఆయన నన్ను కరిగించి మళ్ళీ పోశాడు. ఆవిడ మళ్ళీ తీసింది. ఇలా జరిగి జరిగి, చివరికి ఆవిడ పిన్నులన్నీ విరిగిపోయాయి. అప్పుడు నన్ను "గెలిచిన కప్ప" అని సంతలో అమ్మాడు. ఇందులో అబద్ధం ఉందనుకుంటే నన్ను లాగి చూడండి.

నన్ను కొన్నది ఓ కొబ్బరికాయల కొట్టు. కొట్టంటే అంగడి కాదు, కాయలు రాశులు పోసే పెద్ద గోదాం. దానికి గుమాస్తా ముత్యాలరావు. మీసాలు రాని రోజుల్లో చేరాడు, మీసాలు నెరిసేదాకా ఉన్నాడు. సాయంత్రం కొట్టు మూసి, నన్ను గొళ్ళానికి తగిలించి నొక్కేవాడు. నొక్కితే చాలు, నేను పడిపోతాను. తియ్యడానికే తాళంచెవి కావాలి. నొక్కాక లాగి చూసేవాడు. మెట్లు దిగి చుట్ట ముట్టించేవాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, మళ్ళీ లాగేవాడు. నాకు ఒళ్ళు మండేది. మనుషులు తాళం కొనేది దొంగల మీద అనుమానంతో, లాగి చూసేది తాళం మీద అనుమానంతో. మధ్యలో నా పరువేం కావాలి? కానీ ఆ రెండో లాగుడు పడితేగాని నాకూ నిద్ర పట్టేది కాదు, అది వేరే సంగతి.

ఒక ఏడు తుఫాను వచ్చింది. కొట్టు కప్పు ఎగిరి పక్క ఊరి చెరువులో పడింది. గోడలు నాలుగూ కూలాయి. గుమ్మం, తలుపు, నేను మాత్రం నిలబడ్డాం. తెల్లారి ముత్యాలరావు వచ్చాడు. చుట్టూ ఎటు చూసినా ఖాళీయే, ఎటునుంచైనా నడిచి లోపలికి వెళ్ళొచ్చు. ఆయన మాత్రం మొలతాడున ఉన్న చెవి తీసి, నన్ను తెరిచి, తలుపు తోసుకుని, తల వంచి లోపలికి వెళ్ళాడు. సాయంత్రం మళ్ళీ నన్ను వేసి, లాగి చూసి ఇంటికి వెళ్ళాడు. ఊరంతా నవ్వింది. నేను నవ్వలేదు. నా జన్మలో నాకు జరిగిన మర్యాద అదే.

తర్వాత కొట్టు చేతులు మారింది. కొత్త ఆసామి మళ్ళీ గోడలు లేపి ఇనప షట్టరు పెట్టించాడు. ముత్యాలరావు నన్ను తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చుకుని, రోజూ సాయంత్రం వీధి గేటుకి వేసేవాడు. భార్య పోయింది. కొడుకు శ్రీహరి బస్సు డ్రైవరు. కోడలు సత్యవేణి ఇంట్లో ఉండేది. మావగారికి చేపల పులుసులో ముళ్ళు ఏరి పెట్టేది ఆవిడే.

జబ్బు ఎప్పుడు మొదలైందో మనుషులకి తెలియదు, నాకు తెలుసు. ఓ సాయంత్రం ఆయన నన్ను లాగి చూసి, వెనక్కి వచ్చి లాగి, మళ్ళీ వచ్చి లాగి, మళ్ళీ మళ్ళీ వచ్చాడు. వెయ్యడం గుర్తుండటం లేదని అప్పుడే పసిగట్టాను. చెప్పడానికి నాకు నోరేది? ఉన్న నోరు మూసుకోవడానికే చేశారు నన్ను. డాక్టరు దానికి డిమెన్షియా అని పేరు పెట్టాడు. ఇది తగ్గేది కాదు, కనిపెట్టుకుని ఉండాలి అన్నాడు.

కనిపెట్టుకుని ఉండటమంటే ఏమిటో సత్యవేణికి తెలిసొచ్చింది. ఓ రోజు ఆవిడ స్నానాలగదిలో ఉండగా ఆయన బయట గొళ్ళానికి నన్ను నొక్కి, లాగి చూసి, తృప్తిగా అరుగు మీద కూర్చున్నాడు. లోపల్నుంచి ఆవిడ తలుపు బాదింది.

"మావయ్యగారూ! తలుపు తియ్యండి, నేనండీ!"

"పొద్దున్న రండమ్మా. కొట్టు మూసేశాం."

శ్రీహరి డ్యూటీ దిగి వచ్చి, తండ్రిని బతిమాలి ఆయన చేతే నన్ను తీయించేదాకా ఆవిడ తడిజుట్టుతో లోపలే ఉంది.

అప్పుడు వాళ్ళు ఓ తెలివైన పని చేశామనుకున్నారు. నన్ను దాచేశారు. ఎక్కడ పెట్టినా ఆయన వెతికి పట్టేస్తున్నాడని సత్యవేణి తన చేతిసంచిలోనే వేసుకుని తిరిగేది. చెవి మాత్రం ఆయన మొలతాడునే ఉంది, దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. అక్కణ్ణుంచి పొద్దు వాలిందంటే చాలు, ఇంట్లో గొడవ.

"నా కప్పెక్కడెట్టేవ్? దొంగముఖవా! కొట్టు తెరిచుండిపోయింది. కాయలన్నీ పోతన్నాయ్!"

"కొట్టు లేదు మావయ్యగారూ. అమ్మేశారు."

"నువ్వే అమ్మేశావ్!"

ఆవిడ సంచిలో ఉండి నేనంతా విన్నాను. నాకు ఆవిడ మీదా అనుమానమే. సంచిలో నాతోపాటు తలనొప్పి మాత్రలు, నలిగిన జేబురుమాలు ఉండేవి. ఆ జేబురుమాలు ఎప్పుడు ముట్టుకున్నా తడిగానే ఉండేది. అయినా ఏడ్చేవాళ్ళందరూ మంచివాళ్ళని ఎక్కడుంది?

ఇంతలో ఆవిడకి గర్భసంచి తీసెయ్యాలన్నారు. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు బరువెత్తకూడదు, వంగకూడదు. మరి మావగారి సంగతి? అమలాపురం నుంచి ఆడపడుచు భద్రమ్మ ఫోన్ చేసి వడ్డించింది.

"ఆశ్రమంలో పడేస్తారంట గదా? కోడలికి కడుపు నొప్పొస్తే మా నాన్న రోడ్డున పడాలా?"

"నువ్వు తీసుకెళ్ళవే అక్కా కొన్నాళ్ళు," అన్నాడు శ్రీహరి.

"మా ఇంట్లో మేడ మెట్లున్నాయ్ గదరా," అంది భద్రమ్మ. ఫోను కట్ అయిపోయింది. మెట్ల వల్లే అయి ఉంటుంది.

అలా నేను సంచిలో కూర్చుని వృద్ధుల ఇళ్ళు చూడటానికి బయల్దేరాను.

మొదటిది గాజు తలుపుల మేడ. ముందు రంగు చేపల తొట్టె, టై కట్టుకున్న మేనేజరు. "మీరు నిశ్చింతగా వెళ్ళండి మేడమ్, పెద్దాయన మాకు దేవుడితో సమానం" అన్నాడు. దేవుడన్నాడంటే తలుపు మూస్తాడన్నమాటే. సంచి సందులోంచి చూశాను. ప్రతి గదికీ గడియ బయటే ఉంది. సత్యవేణి కూడా అదే చూస్తోంది.

"గడియ బయటెందుకండీ?"

"భద్రత కోసం మేడమ్."

"మరి లోపలేటండీ ఒక్కటీ లేదు?"

మేనేజరు టై సర్దుకున్నాడు. స్నానాలగదిలో తలుపు బాదిన మనిషికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆవిడ లేచి నిలబడింది.

రెండోది పంటకాలువ గట్టున. దానికి తాళమే లేదు. "మా దగ్గర అందరికీ స్వేచ్ఛండీ" అన్నాడు నడిపేవాడు. ఆయన ఆ మాట అంటుండగానే ఓ ముసలాయన గళ్ళలుంగీ ఎగ్గట్టి గేటు దాటి తిన్నగా కాలువలోకి నడుస్తున్నాడు. "బాబూ, కాస్త ఆయన్ని పట్టుకోండి" అన్నాడు శ్రీహరితో, కుర్చీలోంచి లేవకుండానే. శ్రీహరి పరిగెత్తాడు. నా జాతి విలువ ఆ పూట కాస్త పెరిగినందుకు గర్వపడ్డాను గాని, ఆ ముసలాయన నడుం దాకా తడిసి రావడం చూశాక ఆ గర్వం నిలవలేదు.

మూడోది సుగుణమ్మది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరై, తన పెంకుటింటినే పెద్దది చేసి నడుపుతోంది. వాళ్ళు చెప్పకుండా, సరిగ్గా భోజనాల వేళకి వెళ్ళారు. అది సత్యవేణి ఎత్తు. పప్పు వేడిగా ఉంది. తినలేనివాళ్ళకి పక్కన కూర్చుని పెడుతున్నారు. గేటుకి అంకెలు తిప్పే తాళం ఒకటుంది, గదులకి గడియల్లేవు. అంతా బాగుంది. అంతా బాగుందంటేనే నాకు చెడ్డ అనుమానం. పైగా ఆవిడ వీళ్ళడిగినవాటికి జవాబు చెప్పకుండా తనే ప్రశ్నలు వేసింది.

"మీరు ఆయన్ని కొన్నాళ్ళు ఉంచడానికొచ్చారా, వదిలేసి పోడానికొచ్చారా? ముందది చెప్పండి. ఫోన్ నంబరు మార్చేసుకున్న కొడుకులు నాకు శానామంది తెలుసు."

శ్రీహరికి కోపం వచ్చింది. సత్యవేణికి రాలేదు. "నేను ఆపరేషన్ నించి లేవగానే వస్తానండీ" అంది.

"సరే. సాయంత్రం పూట ఏం చేస్తారాయన?"

"తగువేనండి," అన్నాడు శ్రీహరి. "తాళం, తాళం అని."

"ఏదా తాళం?"

సత్యవేణి సంచి గట్టిగా పట్టుకుంది. తర్వాత నన్ను తీసి బల్ల మీద పెట్టింది. సుగుణమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా అంది.

"పాపం, ఆయన డ్యూటీ ఇంకా దిగలేదమ్మా. కొట్టు మూయనిస్తే గదా దిగుతాడు?"

ఆపరేషన్‌కి ముందురోజు ముత్యాలరావుని తీసుకొచ్చారు. పొద్దు వాలేసరికి ఆయన గొంతు లేచింది. సుగుణమ్మ ఆయన్ని పెరటివైపు తీసుకెళ్ళింది. అక్కడ కొబ్బరికాయలు, గోనెసంచులు పడేసే గది ఉంది. "రావుగారూ, కాయలు లోపలేశాం. మూసేస్తారా?" అని నన్ను చేతిలో పెట్టింది. ఆయన కాయల వాసన పీల్చాడు. నన్ను గొళ్ళానికి తగిలించి నొక్కాడు, లాగాడు. నాలుగడుగులు వేశాడు, వెనక్కి వచ్చాడు, లాగాడు. "ఆయ్, ఇంక పడుకోండెహె" అని, కొట్టు కూలీలు ఉన్నట్టే, ఎవరూ లేని వాకిలి వైపు అరిచి, వెళ్ళి అన్నం తిన్నాడు. తగువు లేదు. పెరటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న సత్యవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ నన్ను దాచి ఆయన పొద్దు గూకకుండా చేసింది తనేనని ఆవిడకి అప్పుడు తెలిసింది.

నేను మాత్రం తొందరపడి మెచ్చుకోలేదు. కాపలా మొదలెట్టాను. మర్నాడు లోపల చప్పుడైంది. కాయలు దొర్లుతున్నాయి! దొంగ! తీరా చూస్తే వంటావిడ. ఆ గదికి వంటింట్లోంచి ఇంకో తలుపుంది. ఆవిడ అటునుంచి వచ్చి పచ్చడికి కాయలు తీసుకుపోతోంది.

నాకెంత అవమానం! వెనక తలుపున్న గదికి కాపలా పెట్టి ముసలాణ్ణీ నన్నూ కలిపి మోసం చేశారన్నమాట. చెవి తిరిగినప్పుడు బిగుసుకుని మొరాయిద్దామనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చాయి, తుఫానుకి కూలిన గోడలు. ఆనాడు మాత్రం నేను కాసింది కాయల్నా? మొరాయించడం మానేశాను.

సత్యవేణి కోలుకుని వచ్చింది, ఓ మధ్యాహ్నం, చెప్పకుండానే. ఆవిడ ఎవర్నీ నమ్మలేదు. మావగారి చొక్కా ఎత్తి వీపు చూసింది, గోళ్ళు చూసింది, కంచం చూసింది. పుళ్ళు లేవు. గోళ్ళు తీసి ఉన్నాయి. అప్పుడు పెరట్లో, నాకెదురుగా ఉన్న బెంచీ మీద ఆయన పక్కన కూర్చుంది. ఇంటికి తీసుకుపోదామని ఆయన బట్టలకి సంచి కూడా తెచ్చింది.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు ముత్యాలరావు.

"ఇటుగా పోతా ఆగానండి," అందావిడ.

ఆయన అటూ ఇటూ అనుమానంగా చూశాడు. ఆవిడ మొహంలోకీ చూశాడు. పంచె పక్కకి జరిపి, మొలతాడున ఉన్న చెవి విప్పడం మొదలెట్టాడు. ముడి ఊడిరాలేదు. ఆవిడ సాయం చెయ్యబోతే చెయ్యి తోసేశాడు. జీవితంలో ఎవరి చేతికీ ఇవ్వని చెవి తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"మా కోడలు ఆస్పత్రిలో ఉందంటమ్మా. ఆవిడకివ్వండి. మావోడికివ్వకండి, పారేస్తాడు. మా అమ్మాయికసలే ఇవ్వకండి. మా కోడలు గట్టి మనిషి."

"అలాగేనండి," అందావిడ. బట్టలకి తెచ్చిన సంచి ఒళ్ళోకి లాక్కుని, "మీరూ వచ్చేయకూడదాండీ ఇంటికి?" అంది.

"డ్యూటీలో ఉన్నానమ్మా," అన్నాడాయన, కొట్టు వదిలి రమ్మనడం ఏమిటన్నట్టు.

ఆవిడ ఖాళీ సంచితోనే వెళ్ళింది. వెళ్ళేముందు సుగుణమ్మతో, "ఉంచుతానండీ. కానీ నేనెప్పుడొస్తానో చెప్పను" అంది. "చెప్పొద్దు," అంది సుగుణమ్మ. ఇద్దరు అనుమానపు ఆడవాళ్ళు అలా ఒప్పందం కుదుర్చుకున్నారు.

చెవి ఇప్పుడు సత్యవేణి పుస్తెలతాడుకి, పిన్నీసుల పక్కన వేలాడుతోంది. ఆవిడ వచ్చినప్పుడల్లా చూస్తున్నాను. నేను మాత్రం ఆ సాయంత్రం వేసింది వేసినట్టే ఉన్నాను, ఇంక తెరిచేవాళ్ళు లేరు. ముత్యాలరావు రోజూ పొద్దు వాలగానే వచ్చి, పడి ఉన్న నన్నే లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి లాగి, నెమ్మదిగా లోపలికి వెళతాడు. నా వీపు వెనక కాయలు వంటింట్లోకి పోతూనే ఉన్నాయి.

ఒక్క అనుమానం మాత్రం తీరలేదు. చెవి ఇచ్చిన రోజున ఆవిడెవరో ఆయనకి నిజంగానే తెలియదా అని. అది లాగి చూస్తే తేలేది కాదు.