వెనక కిటికీ లేని బండి

పాలగిన్నె మూత తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది. పాలు ఈ పూటకు నిలుస్తాయి, రేపటికి నిలవవు.

"అయిందా తనిఖీ?" వెనక నుంచి భర్త గొంతు. "నీది ముక్కు కాదే, అనుమానం. దేవుడు దాన్ని మొహం మధ్యలో అంటించాడు, అంతే."

అత్తగారు నవ్వింది. ఆమె కూడా నవ్వింది. తన ముక్కు మీద పుట్టే జోకులకు అందరికంటే ముందు తానే నవ్వాలన్నది ఆ ఇంట్లో ఎవరూ చెప్పకుండానే ఆమె నేర్చుకున్న మర్యాద. అదే ముక్కు ఒకసారి గ్యాసు లీకును పట్టింది, ఇంకోసారి గోడలో కాలుతున్న కరెంటు వైరును పట్టింది. ఆ సంగతులు మాత్రం జోకుల్లోకి రావు.

ఆ రోజు వాళ్ళు సెకండ్‌హ్యాండ్ వ్యాను చూడటానికి వెళ్ళాలి. పెరట్లో వరసగా ఉన్న తేనెపెట్టెల్లోని తేనెటీగలను పెంచేది ఆమే. ఎక్కడ పూత మొదలైతే అక్కడి చేలకు వాటిని తరలించాలి. ఇన్నాళ్ళూ అద్దె ట్రాలీ ఆటోలో తరలించారు. భర్త డ్రైవరు పక్కన కూర్చునేవాడు. పెట్టెలు ఒరగకుండా పట్టుకోవడానికి వెనక ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి ఆమె. మోకాళ్ళు ముడుచుకుని, రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, చీకటి దారంతా కూర్చునేది. ట్రాలీ పైన కప్పు లేదు కాబట్టి గాలి తగిలేది. అదొక్కటే సుఖం.

బండ్ల యార్డులో బ్రోకరు ఒక తెల్ల వ్యాను చూపించాడు. వెనక భాగమంతా మూసుకుపోయిన రేకు, ఒక్క కిటికీ లేదు. ఆమె టైర్ల అరుగుదల చూసింది. ముందు మ్యాటు ఎత్తి తుప్పు కోసం వెతికింది. వెనక తలుపు రబ్బరు వేళ్ళతో నొక్కి చూసింది. బ్రోకరు ఆమెను చూస్తూ భర్తను అడిగాడు: "మేడమ్‌కి రంగు నచ్చిందా సార్?"

వెనక తలుపు తెరవగానే సెంటు వాసన గుప్పుమంది. దాని అడుగున మరో వాసన. ఆమె వంగి, నేల మీద పరిచిన ప్లైవుడ్ దగ్గరికి మొహం తీసుకుపోయింది. తియ్యగా మొదలై చేదుగా నాలుక చివర అంటుకునే వాసన. పక్క చేలో మందు కొట్టిన ఏడాది పెట్టెల గుమ్మాల ముందు ఈగలు కుప్పలుగా పడి ఉన్న పొద్దున ఇదే వాసన.

"ఇందులో ఇదివరకు ఏం మోశారు?" అని అడిగింది.

"మొక్కలు సార్," అన్నాడు బ్రోకరు భర్తతో. "నర్సరీ వాళ్ళ బండి."

"ఇంకేం మరి, మన ఈగలకి పుట్టిల్లే," అన్నాడు భర్త.

"పురుగుమందు వాసన వస్తోందండీ."

"విన్నారా? మా ఆవిడ బండి కొనడానికి రాలేదు, సెంటు కొనడానికి వచ్చింది."

బ్రోకరు నవ్వాడు. అలవాటు చొప్పున ఆమె పెదవులు కూడా విచ్చుకున్నాయి. తిరుగు దారిలో భర్త ఒక్క మాట మాట్లాడలేదు. అతడు అరిచే మనిషి కాదు, చెయ్యెత్తే మనిషి అంతకన్నా కాదు. మాట మానేస్తాడు. అప్పుడు ఇంట్లో తలుపులు మాట్లాడతాయి, గ్లాసులు మాట్లాడతాయి, కుర్చీ కాళ్ళు మాట్లాడతాయి. ఏ గదిలో ఎంత మెల్లగా నడవాలో వెతుక్కుంటూ ఆమె బతుకుతుంది. ఆ మౌనానికి భయపడే, బండి ఇంటికి వచ్చిన రోజు ఆమె ఏమీ అనలేదు.

"నీ ఈగల బండి, నువ్వే చూసుకో," అన్నాడతడు. చూసుకుంది. పొద్దున్నే ఇంజనాయిలు, రేడియేటరులో నీళ్ళు సరిచూసేది. బ్యాటరీ కొనల మీద పేరుకున్న పచ్చటి పొడి తుడిచేది. స్టార్టు చేసి, పెరట్లోనే ముందుకూ వెనక్కూ నడిపి ఎండలోకి తెచ్చేది. పెళ్ళికి ముందు అన్నయ్య డ్రైవింగ్ నేర్పించాడు. రోడ్డు మీదకు మాత్రం భర్త పోనివ్వడు. "నువ్వు నడిపితే ఈగలకన్నా ముందు మనం ఎగిరిపోతాం," అంటాడు.

వెనక చెక్కను సబ్బుతో కడిగింది, సోడాతో కడిగింది, తలుపులు బార్లా తెరిచి ఆరబెట్టింది. పొద్దున వాసన ఉండేది కాదు. మధ్యాహ్నం రేకు కాలేసరికి, ఇంట్లో దాక్కున్న మనిషి అందరూ వెళ్ళాక బయటికి వచ్చినట్టు, మెల్లగా వచ్చి నిలబడేది.

"ఆ చెక్క పీకేసి కొత్తది వేద్దామండీ."

"బండి కొన్న వారానికే పీకుతావా? ఆ ముక్కేదో పీకించుకో, సులువు. అమ్మా, నీకేమైనా వాసన వస్తోందా?"

"నాకు జలుబు నాయనా," అంది అత్తగారు. ఎవరో ఒకరి పక్షం తీసుకోవలసి వచ్చినప్పుడల్లా ఆవిడకు జలుబు చేసేది.

పొద్దుతిరుగుడు పూత మొదలైందని రైతు ఫోను చేశాడు. సాయంత్రం పెట్టెలు తరలించాలని భర్త తేల్చేశాడు. ఆ ఉదయం ఆమె రెండు జాలీ డబ్బాలు తీసుకుని, ఒక్కోదానిలో గుప్పెడు ఈగల్ని వేసి, పంచదార నీళ్ళలో ముంచిన దూది పెట్టింది. ఒక డబ్బా వ్యాను చెక్క మీద పెట్టి తలుపు మూసింది. రెండోది పక్కనే ఉన్న రేకుల షెడ్డులో పెట్టింది. అక్కడా అదే ఎండ, అదే ఉక్క.

మధ్యాహ్నం దాటాక చూస్తే షెడ్డులోని ఈగలు ఝుమ్మంటున్నాయి. వ్యానులోనివి వెల్లకిలా పడి, చిన్న నాలుకలు బయటపెట్టి ఉన్నాయి. ఒకటి మాత్రం ఇంకా తన చుట్టూ తాను తిరుగుతోంది.

డబ్బా తెచ్చి టీ తాగుతున్న భర్త ముందు పెట్టింది. పక్కనే అత్తగారు.

"ఎండకి పోయాయి," అన్నాడు.

"షెడ్డులోవి బతికే ఉన్నాయండీ. అదీ రేకే."

అతడు కప్పు కింద పెట్టాడు. పెద్ద చప్పుడేమీ కాదు. ఆమె డబ్బాను తన వైపు జరుపుకుంది.

"గుప్పెడు పురుగులు. వాటికోసం రైతుకిచ్చిన మాట తప్పనా? బండిలో ఏ వాసనా లేదు. సాయంత్రం ఎక్కించు."

పొద్దు వాలింది. ఈగలు ఇల్లు చేరాయి. ఆమె ఒక్కో పెట్టె గుమ్మానికి జాలీ ముక్క బిగిస్తూ వెళ్ళింది. బిగించిన ప్రతిసారీ లోపలి రొద వేళ్ళకు తగిలింది. తనను నమ్మి ఇంటికి వచ్చాయి. తానే తలుపు వేస్తోంది. పెట్టె మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"ఇటు చూడవే," అత్తగారు వ్యాను దగ్గర నుంచి పిలిచింది. "చెక్క గట్టిగా ఉంది, నీ నడుముకి పడదని దిండు వేశాను. తలుపు మూశాక లోపల చీకటి కదా, టార్చి కూడా పెట్టాను."

ఆమె వెళ్ళి చూసింది. మధ్యాహ్నం డబ్బా పెట్టిన చోటే, చెక్క మీద దాని అంచు గీసిన పంచదార నీళ్ళ మరక మీదే, ఉతికిన గలీబు తొడిగి మడత లేకుండా సర్దిన దిండు.

ఎన్ని రోజులు నిద్ర మానుకుని భయపడిందో ఆమెకు గుర్తుంది. పిల్ల ఈగల కోసం, రాణుల కోసం, గూళ్ళలోని తేనె కోసం భయపడింది. ఆ తలుపు మూశాక అదే గాలి పీలుస్తూ దారంతా కూర్చోవలసిన మనిషి ఒకతె ఉందని, ఇంట్లో ఎవరికీ తట్టనట్టే, ఆమెకూ తట్టలేదు.

భర్త తాళంచెవి ఊపుకుంటూ వచ్చాడు. "ఇంకా ఎక్కించలేదా?"

ఆమె దిండు తీసింది. దాన్ని అతని చేతుల్లో పెట్టింది.

"ఈసారి వెనక మీరు కూర్చోండి. బండి నేను నడుపుతాను."

అతడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. నవ్వుతూనే అతడు ఒక కాలు వ్యాను అంచు మీద వేసి, తల లోపలికి పెట్టాడు. పగలంతా కాగిన రేకు లోపల ఉన్నదంతా అతని మొహం మీదికి వదిలింది. కాలు అంచు మీదే ఉండిపోయింది. కొంతసేపటికి కిందికి దిగింది.

"చూశావా అమ్మా దీని వరస?" అన్నాడు గొంతు పెంచి.

అత్తగారు కొడుకు చేతిలోని దిండు వైపు చూసింది. తాను పరిచిన చోటు వైపు చూసింది.

"ఎక్కు నాయనా," అంది చివరికి. "ఏ వాసనా లేదన్నావుగా."

ఆమె అప్పటికే పెట్టెల వైపు నడుస్తోంది. ఈ రాత్రి నుంచి ఇంట్లో గ్లాసులు మాట్లాడతాయి, తలుపులు మాట్లాడతాయి, ఎన్నాళ్ళో తెలియదు. అయినా మొదటి పెట్టె గుమ్మానికి బిగించిన జాలీ ముక్క ఊడదీసి, రెండో పెట్టె దగ్గరికి వెళ్ళింది.