లెక్కపెట్టాకే టిక్కు

సెలవు మంజూరైందన్న మాట చెవిన పడేసరికి మధ్యాహ్నం మూడుంపావు. రేపు రానక్కర్లేదనీ, ఐదింటికల్లా ఫొటోలు ప్రెస్సుకు పంపెయ్యడమొక్కటే షరతనీ చెప్పి చుక్కల మేడం నా బల్ల దాటి వెళ్ళిపోయింది. తప్పు కనిపించిన ప్రతిచోటా ఎర్రచుక్క పెడుతుంది కాబట్టి ఆవిడకా పేరు.

మా పెళ్ళయి పంతొమ్మిది రోజులు. మా ఆయనది బస్సు డిపోలో రాత్రి డ్యూటీ, నాది పగలు. ఆయన ఇంటికొచ్చే వేళకు నేను చెప్పులు వేసుకుంటూ ఉంటాను. గుమ్మంలో టిఫిన్ డబ్బా చేతులు మారడమే మా సంసారం. ఈ రాత్రికి ఆయనకు డ్యూటీ లేదు, రేపంతా ఖాళీ. నాకూ సెలవైతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇద్దరం ఒకే ఇంట్లో, అదీ మెలకువగా. ఫోన్ చేసి చెబితే, అయితే కలిసి రెండో కప్పు టీ కూడా తాగొచ్చన్నమాట అన్నారు నిద్రగొంతుతో.

గాల్లో తేలుతూ పనిలో కూర్చున్నాను. లిఫ్టు మెకానిక్కుల కోసం మా ఆఫీసు తయారుచేస్తున్న పుస్తకం అది. రెండువేల మూడువందల పదహారు ఫొటోలు, ఫైలు పేరు చివర కొన్నిటికి టిఫ్ అని, కొన్నిటికి బీఎంపీ అని ఉంటుంది. అన్నిటినీ ఒక్క విడతలో పీఎన్‌జీ అనే ఒకే రకంలోకి మార్చాలి. సాఫ్ట్‌వేర్లో చివరన ఒక గడి ఉంటుంది: అసలు ఫైళ్ళు తీసెయ్యి. సర్వర్లో జాగా తక్కువ కనుక ఆ గడితో మాకు అవసరమే. కానీ ముందు మార్చి, కొత్తవి లెక్కపెట్టాకే టిక్కు పెట్టాలని మేడం గోడకు అట్టముక్క అంటించింది. ఆ అట్టముక్క కిందే కూర్చుని, రెండో కప్పు టీ తలుచుకుంటూ, ముందే టిక్కు పెట్టేశాను.

నాలుగూ పదికి పని పూర్తయింది. లెక్క చూస్తే రెండువేల మూడువందల రెండు. మళ్ళీ చూశాను. అంతే. పద్నాలుగు మాయం.

ఫొటోగ్రాఫర్ బాబాయి దగ్గరికి పరుగెత్తాను. ఆయన తాపీగా లెన్సు తుడుచుకుంటున్నాడు.

"పద్నాలుగా? బ్రేకు ఫొటోలై ఉంటాయమ్మా. తెరిచినదీ మూసినదీ కలిపి జంటకి ఒకటే నంబరిచ్చా. తెరిచినవి సందులోకి దూరే సన్న కెమెరాతో తీశా, అది బీఎంపీ ఇస్తుంది. మూసినవి టిఫ్. మొగుడూపెళ్ళాల్లాగా ఇంటిపేరొకటే, సొంతపేరు వేరు."

అప్పుడర్థమైంది. రెండూ పీఎన్‌జీ అయ్యేసరికి సొంతపేరు కూడా ఒకటే అయింది. వెనకొచ్చిన టిఫ్ ముందున్నదాన్ని తుడిచేసి దాని చోట్లో కూర్చుంది. ఆ జంటల్లో మిగిలినవన్నీ మూసిన బ్రేకులే. కెమెరా కార్డులు బాబాయి పొద్దునే ఖాళీ చేశాడట. సర్వర్లో తీసేసినవి చెత్తబుట్టలోకి కూడా వెళ్ళవు.

నాలుగున్నరైంది. ఉన్నవి ఉన్నట్టు పంపేస్తే ఇవాళ ఎవరికీ తెలియదు. తెరిచిన బ్రేకు ఉండాల్సిన చోట మూసినది అచ్చవుతుంది. నా సెలవు నాకుంటుంది. మెయిల్ సిద్ధం చేసి, పంపే మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. కానీ లిఫ్టు గొయ్యిలో మోకాళ్ళ మీద కూర్చుని ఆ పేజీ తెరిచే మెకానిక్కు కళ్ళముందు నుంచి కదలడే. బొమ్మను నమ్మి, ఏ బ్రేకు తెరిచుందో ఏది మూసుందో పోల్చుకోలేక చెయ్యి లోపల పెడతాడు; తెరిచుంటే లిఫ్టు కదులుతుంది. అతని గుమ్మంలోనూ ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు.

వేలు తీసేశాను.

మేడం గదిలోకి వెళ్ళి, టిక్కు పెట్టిన దగ్గర్నుంచి అంతా చెప్పేశాను. ఆవిడ చివరిదాకా విని, ఎర్రపెన్నుకు మూత పెట్టి, ప్రెస్సుకు ఫోన్ చేసింది. ఎల్లుండి పొద్దున దాకా ఆగుతామన్నారు.

"పెళ్ళి కొత్తదే గానీ సర్వర్ పాతదమ్మా, పోయినదాన్ని తిరిగివ్వదు," అంది నావైపు తిరిగి. "రేపు బాబాయితో లిఫ్టు కంపెనీకి వెళ్ళి ఆ పద్నాలుగూ మళ్ళీ తీయించు. లైటు పట్టుకోడానికి మనిషిని నువ్వే చూసుకో. ఇక్కణ్ణించి ఎవర్నీ ఇవ్వను."

సెలవు పోయింది. మెట్ల దగ్గర నిలబడి మా ఆయనకు ఫోన్లో జరిగిందంతా చెప్పాను. లైటు సంగతి కూడా చెప్పాను, ఏడుపు ఆపుకోడానికి ఏదో ఒకటి మాట్లాడాలి కదా. ఆయన అటునుంచి లెక్కలు మొదలెట్టారు.

"ఎంతసేపు పట్టుకోవాలి?"

"సాయంత్రం దాకా పట్టొచ్చండీ."

"పక్కపక్కనే నిలబడాలా?"

"గొయ్యి ఇరుకు. వేరే దారి లేదు."

"అయితే రేపు ఎనిమిదిన్నరకి బయల్దేరదాం. రెండో కప్పు టీ ఫ్లాస్కులో పోస్తా. తీసినవి లెక్కపెట్టే పని నాది. ఆ టిక్కు జోలికి మాత్రం నువ్వు వెళ్ళకు."