తిన్నె మీద పన్ను

మదనపల్లెలో మిషన్ ఆసుపత్రికి రెండు వీధుల అవతల మా ఇల్లు. ముప్పై ఏళ్లు ఎద్దులబండి తోలి కట్టుకున్నది. లోపల రెండే గదులు గానీ, ముందర తిన్నె ఎంత పొడవంటే, ఈ కొసనుంచి ఆ కొసకు పాలు పంపితే చేరేసరికి పెరుగయ్యేది. నేను చెప్పేదాంట్లో సగం నమ్మితే చాలు. మా ఆవిడ మునెమ్మ ఆ సగం కూడా నమ్మదు.

అంత తిన్నె ఉన్నా మేం కూర్చోవడానికి చోటుండేది కాదు. ఒక రోగి ఆసుపత్రికి వస్తే వెంట నలుగురు చుట్టాలు వస్తారు గదా. వాళ్లకు లోపల చోటివ్వరు. మూట తలకింద పెట్టుకుని మా తిన్నె మీద పడుకునేవారు. పొయ్యికి మూడు రాళ్లు, తాగడానికి కుండెడు నీళ్లు మునెమ్మ చూసేది. డబ్బు మాట ఎవరితోనూ ఎత్తలేదు.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు లేక బస్సులు బొగ్గుపొయ్యి వీపున కట్టుకుని దగ్గుతూ తిరిగేవి. అప్పుడే పంచాయతీ బోర్డు వాళ్లు ఇంటిపన్నులు కొత్తగా లెక్కగట్టారు. మా వీధికి వచ్చినాయన వరదరాజులు. మనిషి మంచివాడే. గొడుగు పట్టుకుని వీధిలో నిలబడి చూసి, ఎవరినీ పలకరించకుండా పోయాడు. ఆ పూట మా తిన్నె మీద నాలుగు కుటుంబాలు, నాలుగు పొయ్యిలు వెలుగుతున్నాయి. నాలుగు పొయ్యిలంటే నలుగురు బాడుగదారులని రాసుకున్నాడు. ఏడాదికి రెండు రూపాయలు కట్టే ఇంటికి తొమ్మిది కట్టమని కాగితం వచ్చింది.

ఎద్దులు అమ్మేసి అప్పటికే రెండేళ్లు. తొమ్మిది రూపాయలు నేనెక్కడ తెచ్చేది? బోర్డు ఆఫీసుకు పోయాను.

"బాడుగ వచ్చే ఇంటికి బాడుగను బట్టే పన్ను శంకరప్పా," అన్నాడు వరదరాజులు. "నెలాఖరులో ప్రెసిడెంటు మనవులు వింటాడు, వచ్చి చెప్పుకో. లేదంటే తిన్నెకు ముళ్లకంప కొట్టేయి. ఆడ ఎవురూ పండుకోకుంటే పాత పన్నే రాసిస్తా."

ఇంటికొచ్చి మునెమ్మకు చెప్పాను.

"కంప కొడితే నేను మా పుట్టింటికి పోతా," అంది.

"నీ పుట్టింట్లో ఎవురుండారే, గోడలు తప్ప?"

"ఆ గోడలే మేలు. అబద్ధాలాడవు."

కంప కొట్టేది లేదు, తొమ్మిది కట్టేది లేదు. మనవి విని తగ్గిస్తారన్న ఆశా లేదు. ఇక మిగిలింది ఇల్లు అమ్మి, పన్ను తక్కువున్న ఊరికి పోవడం. పుంగనూరు, కుప్పం చూసి వస్తానని బయలుదేరాను. రెండు ఊళ్లలోనూ మా తిన్నె మీద పడుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి పూటకూటికి బెంగలేదు.

పుంగనూరు బస్సు ఎంత నిదానమంటే, ఎక్కినప్పుడు నున్నటి గడ్డంతో ఉన్నవాడు దిగేటప్పుడు సన్యాసిలాగున్నాడు. అక్కడ అబ్దుల్ జబ్బార్ అని దర్జీ. భార్య మైమూన్ బీకి కాన్పు కష్టమైనప్పుడు మా తిన్నె మీదే ఉన్నాడు.

"మా ఊర్లో ఇంటికప్పును సూసి పన్నేస్తారన్నా," అన్నాడు. "బోదగడ్డి కప్పిన కొట్టానికి తక్కువ, పెంకులకు ఎక్కువ. నీ ఇల్లు ఈడుంటే రూపాయిన్నర అవుతాది. నీకు యాల ఈ లెక్కలు?"

చెప్పాను. జబ్బార్ కత్తెర పక్కన పెట్టేశాడు.

"మేం పండుకున్నందుకు నీకు పన్నా?" అన్నాడు. ఆ తర్వాత అన్నం పెట్టాడు గానీ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

కుప్పంలో జయరత్నం, బడిపంతులు. తల్లి కంటి ఆపరేషనుకు వచ్చి మా దగ్గరున్నాడు. వాళ్ల ఊళ్లో వాకిళ్లు లెక్కబెట్టి పన్ను. వాకిలికి అర్ధరూపాయి. మాకు మూడు వాకిళ్లు కాబట్టి అక్కడా రూపాయిన్నరే.

"వచ్చేయి పెద్దాయనా, ఇల్లు నేను సూస్తా," అన్నాడు. "కానీ మీ ఆసుపత్రి మాదిరి ఈడ లేదే. నీ తిన్నె మీద ఎవురు పండుకుంటారు?"

"నేనే పండుకుంటా."

అనడానికి అన్నాను గానీ, తిరుగుదారంతా ఆ ఖాళీ తిన్నె కళ్లముందు ఆడింది.

ఇంటికొచ్చాక మునెమ్మ ముఖం చూసి, పన్ను రెండుచోట్లా రూపాయిన్నరేనన్నది తప్ప ఉన్నది ఉన్నట్టు చెప్పలేకపోయాను. పుంగనూరులో ఒకడు పెంకులు కనబడకుండా ఇంటి మీదికి సొరతీగ పాకించాడనీ, లెక్కగట్టడానికి వచ్చినాయన ఒక సొరకాయ నీడలో నిద్రపోయి మూడోనాడు లేచాడనీ చెప్పాను. కుప్పంలో ఇంకొకడు పన్నుకు భయపడి ఒక్క వాకిలి ఉంచి మిగతావన్నీ పూడ్చేశాడు. కూతురి పెళ్లికి చుట్టాలు ఆ ఒక్క వాకిట్లోంచి వరసగా లోపలికి పోతున్నారు, పోతున్నారు, చివరాయన అడుగుపెట్టేసరికి పిల్లకు సీమంతం జరుగుతోంది.

కాగితం వచ్చినప్పటినుంచి మునెమ్మ నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగాక కొంగుతో కళ్లు తుడుచుకుని, "రెండూర్లలోనూ తక్కువే గదా. ఎప్పుడు పోదాం మరి?" అంది.

నేను లేచి తిన్నె మీదికి పోయాను, కూర్చోవడానికి చోటు లేదు.

ఆశ లేకున్నా మనవి చెప్పుకుందామని నెలాఖరున ఇద్దరం బోర్డు ఆఫీసుకు పోయాం. వరండాలో జబ్బార్, జయరత్నం నిలబడి ఉన్నారు. పక్కన పెద్దపంజాణి ఊరినుంచి వచ్చిన యేసమ్మ, కర్ర ఊతగా. మొగుడికి కడుపు ఆపరేషను జరిగినప్పుడు ఒక వర్షాకాలమంతా మాతో ఉన్న ముసలమ్మ. నేను ఎవరినీ పిలవలేదు. తిన్నె మీద ఒకరికొకరు ఎరుకైనవాళ్లే, జబ్బారే కబురు పెట్టాడట. ఒక రోజు పని మానుకుని, బస్సు డబ్బులు పెట్టుకుని వచ్చారు.

ప్రెసిడెంటు నా మనవి విని వాళ్లవైపు తిరిగాడు. "ఈయన తిన్నె మీద ఉన్నందుకు బాడుగ ఇచ్చినారా?"

లేదంటే చాలు, పని అయిపోతుంది. కానీ మా సీమలో ఒకరింట్లో ఊరికే ఉండి ఊరికే పోయామని నలుగురిలో ఒప్పుకునేకంటే దొంగతనం ఒప్పుకోవడం సులువు.

"ఊరికే ఉంటామా సార్," అన్నాడు జబ్బార్. "ఇచ్చినా."

తొమ్మిది రూపాయలు ఖాయమనుకున్నాను. వరదరాజులు కలం సిరాలో ముంచాడు.

"ఎంత?"

"మునెమ్మక్కకు రవిక కుట్టిచ్చినా. జేబీ పెట్టినా."

"రవికకు జేబేందప్పా?"

"ఆకూవక్కా పెట్టుకునేదానికి."

"నేనూ ఇచ్చినా సార్," అన్నాడు జయరత్నం. "రోజూ సాయంత్రం పేపరు సదివి యుద్ధం సంగతులు చెప్పినా. పెద్దాయన ఒప్పుకుంటేనా. అంతకంటే పెద్ద యుద్ధం వాయల్పాడు సంతలో సూసినానంటాడు."

యేసమ్మ కర్ర నేలకు తాటించింది. "నేను గుమ్మడికాయ తెచ్చిచ్చినా. నేనే కోసి, నేనే వండినా. మా వాళ్లే తినేసినారు, వీళ్లకు రెండు ముక్కలు మిగిలినాయి. అయినా ఇచ్చింది ఇచ్చిందే గదా నాయనా."

ప్రెసిడెంటు రుమాలు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఒప్పుకున్నారు సార్," అన్నాడు వరదరాజులు, నిజాయితీగానే.

"అట్లనే రాయప్పా. బాడుగ కింద జేబున్న రవిక ఒకటి. గుమ్మడికాయ ముక్కలు రెండు. యుద్ధం వార్తలు, అవీ ఈయన నమ్మనివి. దీని మీద పన్నెంతో లెక్కగట్టు."

వరదరాజులు కాగితం ముందుకు లాక్కున్నాడు. తర్వాత తొమ్మిది కొట్టేసి రెండు వేసి, తలెత్తకుండానే, "ఆ పొద్దు ఇంట్లోకొచ్చి అడిగింటే పోయేది, శంకరప్పా," అన్నాడు.

బయటికొచ్చాం. నోరు తెరిస్తే కోట కట్టే నాకు ఆ ముగ్గురితో ఏం చెప్పాలో తెలియలేదు. "మీరు ఇంత దూరం..." అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను.

"ఊరుకోప్పా," అంది యేసమ్మ. "ఆకలేస్తాండాది."

మునెమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇంట్లో రాగులున్నాయి, సంగటి కెలుకుతానంది. జబ్బార్ మా వీధి మలుపు ఎటో నన్ను అడగనైనా అడగకుండా ముందు నడిచాడు. జయరత్నం ఆయన వెంట. నేను కళ్లు తుడుచుకుంటూ అందరికంటే వెనక పోయాను.