దుబాయి నుంచి అరిచే కెమెరా

కోరుట్లలో మా ఎదురింటి కెమెరాకు నోరుంది. ఆ ఇంటి పెద్దకొడుకు వేణు దుబాయిలో కూర్చొని, వాకిట్లో ఆరబోసిన పసుపును ఫోన్‌లో కాపలా కాస్తుంటాడు. కాకి వాలినా కెమెరాలోంచి అరుస్తాడు. ఆ అరుపుకు జగిత్యాల బస్సులు కూడా ఆగుతాయంటే మీరు నమ్మాలి.

ఆ ఉదయం పక్కింటి సలావుద్దీన్ మేక పసుపును తొక్కింది.

"తమ్మీ, మళ్ల మేకొచ్చింది! తిని పండుడేనా నీ పని?" అని కెమెరా అరిచింది.

రోజూ ఆ తిట్లు తినే తమ్ముడు గంగాప్రసాద్ ఇనుప రాడ్ పట్టుకొని ఉరికాడు. మేకను తోలుకుపోవడానికి వచ్చిన సలావుద్దీన్ తల పగిలింది. అడ్డం పెట్టిన చెయ్యి విరిగింది. కింద పడ్డాక కూడా కొడుతూనే ఉన్నాడు. పసుపు ఎర్రబడింది.

"వద్దురా, సచ్చిపోతడు!" అని కెమెరా ఏడ్చింది.

నేను కర్ర అందుకొని గడప దాటేసరికి కొట్టేవాడే అలిసిపోయాడు. సలావుద్దీన్‌ను తెలివి లేకుండానే ఆసుపత్రికి తీసుకుపోయారు.

గంగాప్రసాద్ రాడ్ కడిగి, కెమెరా కింద చేతులు జోడించాడు. "అన్నా, నన్ను జైలుకు పంపుతవా? గా వీడియో నీ ఫోన్లనే ఉంది. డిలీట్ జెయ్యే."



ఎస్సై రాగానే గంగాప్రసాద్, "మేక పొడిచింది సార్" అన్నాడు.

"మేక ఇంత గనం పొడుస్తదా?" అన్నాడు ఎస్సై.

అప్పుడు పైనుంచి వేణు గొంతు వచ్చింది. "సార్, నేను వీని అన్నను. మేక పొడవలే. మీ వాట్సాప్ నంబర్ చెప్పుండ్రి."

తమ్ముణ్ణి జీపెక్కించారు. మేక తీరుబడిగా మళ్లీ పసుపు మీదికెక్కింది. కెమెరా ఒక్క మాట కూడా అనలేదు.