తాడు పట్టుకునే మనిషి

పిల్లిని తీసుకెళతారు, నన్ను తీసుకెళ్లరు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో జరిగే అన్యాయం ఇది. వింటే ఎవరైనా నవ్వుతారు గానీ, నాకు మాత్రం ఒళ్లు మండిపోతుంది.

మాకొక పాత వీడియో గేమ్ ఉంది. చిన్నప్పటి క్యాసెట్టే, ఇప్పటికీ ఉఫ్ అని ఊదితే గానీ ఆడదు. అందులో నలుగురు వీరులు. కత్తివీరుడికి పెద్దన్నయ్య ‘పెద్ద’ అని పేరు పెట్టుకున్నాడు, మంత్రగాడికి చిన్నన్నయ్య ‘చిన్న’ అని పెట్టుకున్నాడు. విలుకాడికి, అప్పట్లో మేం పెంచిన పిల్లి మీద ప్రేమకొద్దీ, ‘పిల్లి’ అని పెట్టారు. గాయాలు మాన్పే వైద్యురాలు ‘చెల్లి’. అంటే నేను. రాక్షసరాజును చంపి రాజ్యాన్ని కాపాడి ఎన్నేళ్లయిందో. కథ ఎప్పుడో అయిపోయింది. మిగిలింది ఆ బావి ఒక్కటే.

ఆ ఆటలో ఒక కమ్మరివాడి ఇంటి వెనక పాడుబడ్డ బావి ఉంటుంది. దాంట్లోకి దిగమని ఎవరూ చెప్పరు. దిగకపోయినా రాజ్యానికి వచ్చే నష్టమేమీ లేదు. దిగితే మాత్రం అంతస్తు కింద అంతస్తు, చీకటి, విషపు బురద. మధ్యలో సేవ్ చేసుకునే వీలు ఎక్కడా ఉండదు. అడుగున ఏముందో మాకు ఇంతవరకు తెలియదు. గట్టు మీద ఒక ముసలమ్మ కూర్చుని, ‘ముగ్గురే దిగాలి, ఒకరు తాడు పట్టుకోవాలి’ అంటుంది. కింద ముగ్గురూ చచ్చినా, పైనున్నవాళ్లు తాడు లాగితే బతికి పైకొస్తారు.

ఆ తాడు పట్టుకునేది ఎప్పుడూ నేనే.

నాకు ఆరేళ్లప్పుడు ఒకసారి ‘చెల్లి’ బావిలోకి దిగి, మొదటి అంతస్తులోనే చచ్చిపోయిందట. నేను తిండి మానేసి, ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకున్నానట. ఇక చెల్లిని దింపేది లేదని పెద్దన్నయ్య ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడట. ఇప్పుడు నాకు ముప్పై ఏళ్లు. ఒట్టు మాత్రం చెక్కు చెదరలేదు. నిజం పిల్లి ఏనాడో పోయింది, అయినా దాని పేరున్నవాణ్ణి వారం వారం చంపుతారు, ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదు.

పైగా వైద్యురాలిని గట్టు మీద నిలబెట్టి, మందాకుల మూట కట్టుకుని విషంలోకి దిగుతారు ఈ మేధావులు. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడమంటే ఇదే. అయిదో అంతస్తులో ఆకులు అయిపోతాయి, ముగ్గురూ పోతారు. నన్ను తీసుకెళ్లమంటే ‘నీకంత శక్తి ఎక్కడిది’ అంటారు. ఎక్కణ్ణుంచి వస్తుంది? నీళ్లలోకి దిగనివ్వకుండా ఈత రాదనడం ఏం న్యాయం?

పెద్దన్నయ్య డ్రైవింగ్ నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ల చేతిలో స్టీరింగ్ ఉంటే, పక్క సీట్లో తన కాలి కింద తనకో బ్రేకు ఉంటుంది. ఆ బ్రేకు ఈయన ఇంటికి కూడా తెచ్చుకుంటాడని వదిన అంటుంది. చిన్నన్నయ్యకు సొంత అభిప్రాయాలు లేవు. అన్నయ్య తానా అంటే తను తందానా.

నా పని పళ్లు తయారుచేయడం. పళ్ల డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, దాని మీద మైనంతో పన్ను చెక్కుతాను. రోజంతా మోచేతుల దాకా తెల్లగా ఉంటాను కాబట్టి ఫోన్ ఎత్తడం కుదరదు. అందుకే ఎవరు నంబరు అడిగినా పెద్దన్నయ్య నంబరే ఇవ్వడం మా ఇంట్లో అలవాటైపోయింది. ఈమధ్య వేరే ఊళ్లో ఒక పెద్ద ల్యాబ్‌కు వెళ్లి, పింగాణీ పళ్ల విభాగం మొత్తం చూసుకునే ఉద్యోగానికి ఒక ముందరి పన్ను చేసి చూపించి వచ్చాను. అక్కడి మేనేజరమ్మ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, ఫోన్ చేస్తామంది. అక్కడా అన్నయ్య నంబరే ఇచ్చాను. అప్పట్నుంచి కళ్లలో ఒత్తులు వేసుకుని ఎదురుచూస్తున్నాను.

మొన్న ఆదివారం అయిదో అంతస్తులో మామూలుగానే పిల్లి పోయింది, చిన్న పోయాడు, పెద్ద కూలబడ్డాడు. నేను పైనుంచి తాడు లాగాను. వదిన మంచం మీద బట్టలు మడతపెడుతోంది. వారమంతా మందుల షాపులో సాయంత్రం డ్యూటీ కావడంతో ఆమె మొహం నాకు సరిగా కనబడేది ఆదివారమే.

‘‘అన్నట్టు అమ్మాయ్, అంత మంచి ఉద్యోగం ఎందుకు వద్దనుకున్నావు?’’ అంది.

‘‘ఏ ఉద్యోగం?’’

‘‘అదే, ఆ ల్యాబ్‌ది. బుధవారం ఫోన్ చేసి రమ్మన్నారటగా. నువ్వే వద్దన్నావని ఈయన చెప్పారే!’’

పెద్దన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. వదిన చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

‘‘అమ్మడూ, ముందు నేను చెప్పేది విను,’’ అన్నాడు పెద్దన్నయ్య. ‘‘మా చెల్లెలికి కుదరదండీ అని మర్యాదగానే చెప్పాను. తెలియని ఊరు, ఒక్కదానివే ఉండాలి. జ్వరమొచ్చి పడుకుంటే గ్లాసుడు నీళ్లిచ్చే దిక్కెవరు?’’

‘‘నేనే లేచి తాగుతాను! గ్లాసెత్తడం నాకొచ్చు అన్నయ్యా!’’

‘‘నీ మంచికేగా చెప్పాడు,’’ అన్నాడు చిన్నన్నయ్య.

‘‘నువ్వు నోరు మూసుకో. నన్ను ఒక్క మాట అడిగాడా?’’

‘‘అడిగితే వెళ్తానంటావని తెలుసు,’’ అన్నాడు పెద్దన్నయ్య.

ఎంత చల్లగా చెప్పాడో! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తెలుసట. తెలిసే చేశాడట. చిన్నన్నయ్య చేతిలోంచి కంట్రోలర్ లాక్కున్నాను. తాడు ఎవరు పట్టుకుంటారని ముసలమ్మ అడిగింది. ‘పెద్ద’ అని నొక్కాను.

‘‘ఏయ్, నన్ను పైన పెట్టావేంటి? కత్తి ఉన్నది నాకే కదా!’’

‘‘బలమున్నవాడివి. తాడు గట్టిగా పట్టుకో.’’

చెల్లి, చిన్న, పిల్లి దిగారు. ‘‘ఆగు, ఆగు. ఎడమకి వెళ్లకు. చూసుకుని,’’ అంటూ పెద్దన్నయ్య కుడికాలితో నేలను నొక్కుతూనే ఉన్నాడు. అయిదో అంతస్తులో బురద కాళ్లకు చుట్టుకోగానే ‘చెల్లి’ చేయెత్తింది, ముగ్గురికీ విషం దిగిపోయింది. ఇన్నేళ్లు మూటలకొద్దీ ఆకులు మోసినా కాని పని ఒక్క బటన్‌తో అయింది. వదిన చప్పట్లు కొట్టింది. చిన్నన్నయ్య కూడా కొట్టబోయి, అన్నయ్య వైపు చూసి చేతులు దించుకున్నాడు.

ఆరో అంతస్తు మాలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నీలం రాళ్ల గది, మధ్యలో ఒక రాతి ఎద్దు. అది ఒక్కసారి కుమ్మితే ‘చెల్లి’ పడిపోయింది. పెద్దన్నయ్య కళ్లు మూసుకున్నాడు. నిజంగానే మూసుకున్నాడు. బతికున్న చెల్లెలు పక్కనే కూర్చుని ఉంటే, బొమ్మ చచ్చిందని కళ్లు మూసుకున్నాడు! మిగతా ఇద్దరూ పడ్డారు. తెర మీద ‘పెద్ద’ తాడు లాగాడు, ఒకరి వెనక ఒకరు ముగ్గురూ గట్టెక్కారు.

‘‘కళ్లు తెరువు,’’ అన్నాను. ‘‘చచ్చాను, లేచాను. ఏడవలేదు, జ్వరం రాలేదు. ఇక నీ ఫోనివ్వు.’’

ఇచ్చాడు. అందరి ముందే ఆ నంబరుకు చేశాను. సెలవు రోజైనా మేనేజరమ్మే ఎత్తింది.

‘‘అయ్యో, మీరు రారని మీ అన్నయ్యగారు చెప్పారు కదమ్మా. శుక్రవారం ఇంకొకరిని తీసేసుకున్నాం,’’ అంది. మళ్లీ తనే, ‘‘మీరు చేసిన పన్ను ఇంకా నా బల్ల మీదే ఉంది. మీరే వస్తారనుకున్నాను,’’ అంది.

ఇక మీదట ఏమున్నా నాకే చెప్పమని నా నంబరిచ్చాను. చేతులు ఎంత తెల్లగా ఉన్నా సరే, నేనే ఎత్తుతానన్నాను. రాసుకుంటానంది. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. ఆ బావిలో పోయినవాళ్లను లాగడానికి తాడైనా ఉంది.

పెద్దన్నయ్య కంట్రోలర్ తీసి నా ఒళ్లో పెట్టాడు.

‘‘పోనీలే అమ్మడూ, ఊరుకో. ఇకనుంచి ఎప్పుడూ నువ్వే దిగు. తాడు నేను పట్టుకుంటాను,’’ అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. ఆ ప్రేమే నాకు భరించలేనిదైంది.

‘‘దిగొద్దనేదీ నువ్వే, దిగమనేదీ నువ్వేనా?’’ అన్నాను. ‘‘వెళ్లి నా ఉద్యోగం నాకు తెచ్చివ్వు. అప్పుడు ఆడదాం.’’

పెద్దన్నయ్య కుడికాలు మళ్లీ నేలను నొక్కబోయి ఆగిపోయింది. నేను పుట్టాక మొదటిసారి, నా మంచికి ఏం చేయాలో మా అన్నయ్యకు తెలియలేదు.