తూర్పు గోడకి గుల్లసున్నం

కరక్కాయలు నానిన నీళ్ళని పైడితల్లి పాతచీర ముక్కలో వడగట్టి సున్నం ముద్ద మీద పోసింది. పారతో సున్నాన్నీ ఇసుకనీ కలిపి తిరగేస్తుంటే మొదట గరగరమంది. కాసేపటికి ఆ చప్పుడు మెత్తబడింది. మెత్తబడ్డాక కూడా ఆమె ఆపలేదు. కొంగు నడుముకి దోపుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, ముద్ద పారకి అంటుకోకుండా జారేదాకా తిప్పుతూనే ఉంది.

"నీళ్ళెక్కువైపోనాయే," అంది అరుగు మీంచి ధనలక్ష్మి.

"అక్కడ్నించి నీకేటి కనబడతాదప్పా?"

"కనబడక్కర్నేదు. సప్పుడుబట్టి తెలుత్తాది."

ఆ రెండు మాటలకే ధనలక్ష్మికి ఆయాసం వచ్చింది. స్తంభానికి వీపు ఆనించి, మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకుని, నోరు కొంచెం తెరిచి కూర్చుంది. మెడ దగ్గరి గుంట లోపలికి పోయి బయటికి వస్తోంది. పైడితల్లి అటు చూడనట్టే చూసి, ఇంకో చారెడు ఇసుక కలిపింది.

ఎలమంచిలి దాటాక రైలుకట్టకి అవతల ఉన్న ఆ పెంకుటిల్లు పైడితల్లి మొగుడు పోతూ మిగిల్చింది. రెండు గదులు, తాటి దూలాలు, మూరెడు మందం మట్టి గోడలు. ఏళ్ళ తరబడి తాళం వేసి ఉంది. అన్నేళ్ళూ పైడితల్లి విశాఖపట్నంలో ఇతరుల ఇళ్ళు కడుతూ ఉండిపోయింది. స్టీలుప్లాంటు క్వార్టర్లు కడుతున్న రోజుల్లో, ఇరవై ఏళ్ళ వయసులో, మొదటి సిమెంటు తట్ట ఆమె నెత్తికి ఎత్తింది ధనలక్ష్మే. అప్పటినుంచీ అక్క వరసలో అప్పా అనే పిలుస్తోంది. నిండు తట్టని ఏ మనిషీ తన నెత్తికి తాను ఎత్తుకోలేదు. అవతలి అంచు ఇంకొకరు పట్టాలి. ముప్ఫై అయిదేళ్ళు ఒకరి తట్ట అవతలి అంచు ఇంకొకరు పట్టారు. మద్దిలపాలెంలో అపార్టుమెంట్లు లేచినప్పుడు మెట్లు లేని అంతస్తులకి పలకల మీద నడిచి మోశారు. ఇద్దరికీ నడినెత్తిన రూపాయి బిళ్ళంత మేర జుట్టు మొలవదు. మేస్త్రీలు పనికి పిలవడం మానేశాక, ఇద్దరూ ఒకే ట్రంకుపెట్టెతో ఈ ఇంటికి వచ్చారు.

వచ్చిన ఏడే తప్పు చేశారు. ధనలక్ష్మే మొదలుపెట్టింది.

"ఊరందరిళ్ళకీ సిమెంటు మోసినాం. మనింటికి మోసుకోమా?"

రెండు రోజులు మేస్త్రీని పెట్టి మట్టి గోడలకి సిమెంటు కొట్టించారు. తట్టలు తామే మోసుకున్నారు. ఆ రెండు రోజులూ ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. గోడలు నున్నగా, బూడిదరంగులో, అచ్చం అపార్టుమెంటు గోడల్లా వచ్చాయి. రెండో వానాకాలానికి తూర్పు గోడ పొట్ట ఉబ్బింది. ఒక మధ్యాహ్నం తలుపంత పెచ్చు ఊడి ధనలక్ష్మి మంచం పక్కనే పడింది. వెనక మట్టి ముద్దలా తడిసి, నల్లగా బూజు పట్టి ఉంది. ఆ చలికాలం ధనలక్ష్మి దగ్గు తగ్గలేదు.

ఒకప్పుడు ఆలచిప్పలు కాల్చి గుల్లసున్నం చేసిన సూరన్న అనే ముసలాయన వచ్చి, గోడని బొటనవేలితో నొక్కి చూశాడు.

"లోపలి తడి ఎటు పోతాదే? గోడకి పలాస్టిక్ సంచి తొడిగీసినారు."

సిమెంటంతా దులిపేసి మళ్ళీ సున్నంతో పూయాలన్నాడు. సున్నం పని చేసే మేస్త్రీ దొరకలేదు. వచ్చి చూసిన ఇద్దరూ ఇల్లు పడగొట్టి శ్లాబు వేసుకోమన్నారు. పైడితల్లి వాళ్ళకి టీ ఇచ్చి పంపి, ఎలమంచిలి వెళ్ళి తాపీ కొనుక్కుంది.

అన్నేళ్ళలో ఆమె ఎన్ని తాపీలు కడిగి మేస్త్రీల చేతికి అందించిందో! ఒక్కసారీ గోడకి ఆనించలేదు. ఆడది తాపీ పడితే మీసాలొస్తాయని సింహాద్రి మేస్త్రీ వేళాకోళం చేసేవాడు. అది వేళాకోళమే అయినా ఆడవాళ్ళెవరూ తాపీ పట్టేవారు కాదు. అరవై దగ్గరపడ్డాక, ఎవరికీ కనబడని మూలలో ఆమె మొదలుపెట్టింది. మూడు రోజులు వేసిన ముద్ద వేసినట్టే కాళ్ళ మీద పడింది. ధనలక్ష్మి దగ్గొచ్చేదాకా నవ్వింది. నాలుగో రోజు ముద్ద నిలిచింది.

ఇప్పుడు ధనలక్ష్మి పడుకునే గదిలో మూడు గోడలు పూర్తయ్యాయి. తూర్పు గోడలో కిటికీ కింద చాపంత మేర మిగిలింది.

సాయంత్రం ప్యాసింజరుకి సత్యశ్రీ వస్తోంది. ధనలక్ష్మి చెల్లెలి కూతురు, మద్దిలపాలెంలో ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సు. పోయిన నెల వచ్చినప్పుడు తూర్పు గోడ మీద చెయ్యి వేసి, తడిసిన అరచెయ్యి పైడితల్లికి చూపించింది. "వానల్లోపల ఈ గది ఆరకపోతే పెద్దమ్మని తీసుకుపోతాను పిన్నీ. కోపం తెచ్చుకోకు," అంది. పైడితల్లి కోపం తెచ్చుకోలేదు. ఆ మర్నాటి నుంచి తెల్లారకముందే లేవడం మొదలుపెట్టింది.

రెండు డ్రమ్ముల మధ్య పలక వేసుకుని కూర్చుని, గోడ మీద నీళ్ళు చిలకరించింది. ముద్దని తాపీతో తీసి మణికట్టు ఒక్క విసురుతో కొట్టింది. అది టప్పుమని అంటుకుంది. కింది నుంచి పైకి నొక్కుతూ లాగింది. చెక్కతో గుండ్రంగా రుద్దింది. సున్నం తిన్న వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. కొబ్బరినూనె రాసుకున్నా చురుక్కుమంటూనే ఉంది. నోట్లో ఎప్పుడూ సున్నపు రుచి. వానలు ముందే వస్తాయేమో, గోడ ఆరదేమో, ప్యాసింజరు తొందరగా వచ్చేస్తుందేమో అనుకుంటూ, ఒక్కో అనుమానానికి ఒక్కో ముద్ద కొట్టింది.

మధ్యాహ్నం చోడి అంబలిలో ఉల్లిపాయ చిదిపి ఇచ్చింది. ధనలక్ష్మి రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టింది.

"తాగీ అప్పా. నీరసంగున్నావని ఆ నర్సు గుంట నన్నే తిడతాది."

"నిన్నేటి తిడతాది. మీసాలొచ్చిన మేస్త్రివి."

పైడితల్లి మూతి తడుముకుంది. ఇద్దరూ నవ్వారు. ధనలక్ష్మి నవ్వు సగంలో తెగిపోయింది. వీపు రాస్తుంటే ఎముకలు చేతికి తగిలాయి. గోడ ఆరితే మళ్ళీ పుంజుకుంటుంది, అనుకుని పైడితల్లి లేచి పనిలోకి పోయింది.

సముద్రం వైపు మబ్బు పట్టింది. కట్ట మీద ప్యాసింజరు మోత వినబడేసరికి కిటికీ కింద జానెడు మూల మిగిలింది. కలిపిన సున్నం మాత్రం బయట ఇంకా ఉంది.

సత్యశ్రీ ఆటో దిగి, చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. వరసగా నాలుగు గోడల మీదా చెయ్యి వేసి చూసింది. తూర్పు గోడకి కిటికీ పైన, ముందే ఆరిన చోట చెంప ఆనించింది.

"పొడిగా ఉంది పిన్నీ. చల్లగా కూడా ఉంది. నువ్వే చేశావా ఇదంతా?"

పైడితల్లి తాపీ పట్టుకుని నిలబడి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. సత్యశ్రీ నవ్వలేదు. గుమ్మంలోకి వచ్చి నిలబడిన ధనలక్ష్మి వైపు చూసింది.

"చెప్పలేదా పెద్దమ్మా?"

ధనలక్ష్మి గడప పట్టుకుంది.

"నానే రమ్మన్నానే పైడీ. మొన్న నువ్వు ఇసక్కెల్లినప్పుడు, పక్కింటోళ్ళ చేత పోను సేయించినాను." ఆగి ఊపిరి తీసుకుంది. "గోడ తప్పేటీ నేదు. ఊపిరి మిసను కావాల నాకు. రాత్రీ పగలూ. ఇక్కడ కరెంటు నిలబడదు గదా."

"మరి నాకు సెప్పలేదేటి?"

"సెప్తే తాపీ దించీద్దువు."

పైడితల్లి చేతిలోని తాపీ వైపు చూసుకుంది.

"ఇకమీదట ఈ ఇంట్లో ఉండేది నానా, నువ్వా?" అంది ధనలక్ష్మి. "తడి గోడల్లో నిన్నొగ్గీసి ఎలాగెల్తాను."

సత్యశ్రీ ట్రంకుపెట్టె తెరిచి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. బయట ఆటోవాడు హారను కొట్టాడు. ధనలక్ష్మి మెల్లగా అరుగు దిగి సున్నం కుప్ప దగ్గరికి వెళ్ళింది. భుజం మీది తువ్వాలు తీసి, మెలిపెట్టి, రెండు వేళ్ళ చుట్టూ తిప్పి గుండ్రంగా చుట్టింది. నడినెత్తిన పెట్టుకుంది.

"ఆ మూల మిగిలింది గదా. తట్ట ఎత్తు."

"నీకు మతి పోనాదేటప్పా!"

"ఎత్తవే."

పైడితల్లి తట్టలో అడుగున నాలుగు ముద్దలు వేసింది.

"సగం తట్టకి ఏ మేస్త్రీ కూలిత్తాడే? నిండా ఎయ్యి."

ఇంకో నాలుగు వేసింది. సత్యశ్రీ పరుగున వచ్చింది. "పెద్దమ్మా, వద్దు!"

"నువ్వూరుకోయే గుంటా."

ఒక అంచు ధనలక్ష్మి, ఒక అంచు పైడితల్లి పట్టుకున్నారు. హుప్పుమని ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది. తట్ట నెత్తికెక్కింది. ధనలక్ష్మి మెడ ఒక్కసారి వణికి, నిలదొక్కుకుంది. వెన్ను నిటారుగా లేచింది. తట్టని చేత్తో పట్టుకోకుండా, ఎప్పటిలాగే, అరుగెక్కి, గడప దాటి, గదిలో అయిదడుగులు నడిచింది. పైడితల్లి వెనక నడవలేదు. ముందు పరుగెత్తి, గోడ దగ్గర చేతులు చాచి నిలబడి దించుకుంది. ధనలక్ష్మి పెదవులు నీలంగా ఉన్నాయి. మంచం మీద కూలబడి, నెత్తి మీది చుట్ట తీసి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

ఆటోలోకి ఎక్కించాక మోకాళ్ళ మీద దుప్పటి కప్పింది పైడితల్లి.

"ఆ మూల నున్నగా రుద్దు," అంది ధనలక్ష్మి.

"నువ్వెల్లప్పా."

ఆటో రైలుకట్ట వైపు తిరిగేదాకా పైడితల్లి నిలబడలేదు. సున్నం సిమెంటులా తొందరపెట్టదు. రేపటిదాకా ఆగగలదు. అయినా లోపలికి వచ్చి, నీళ్ళు చిలకరించి, కిటికీ కింద కూర్చుంది. తట్టలోంచి ముద్ద తీసి కొట్టింది. కింది నుంచి పైకి లాగింది. పెంకుల మీద మొదటి చినుకులు పడుతుండగా చెక్కతో గుండ్రంగా రుద్దింది. ముద్ద చాలినంత ఉంది. కొంచెం మిగిలింది కూడా. తాపీ కడిగి, తుడిచి, మంచం మీద పెట్టబోయి ఆగిపోయింది.

పరుపు మీద తువ్వాలు చుట్ట ఇంకా విడిపోలేదు. ఒక పక్కన బరువుకి నొక్కుకుపోయి, అంచున తడిసున్నం పిసరూ, దానికి అంటుకుని ఒక తెల్లవెంట్రుకా ఉన్నాయి.