గళ్ళలో హంస

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు గ్రాఫులు వేసేవాళ్ళలో శ్రీరంగప్పది పేరున్న చెయ్యి. హంసైనా, మామిడిపిందైనా ముందు ఆయన గళ్ళ కాగితం మీద పుట్టాలి. ఆ గళ్ళను చూసి అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గానికి ఎక్కించేవారు. ఒక అంచుకు ఇరవై రోజులు పట్టేది.

ఆయన కూతురు ఆంజినమ్మ 1987లో అనంతపురంలో ఒక కాలేజీలో కంప్యూటర్ గ్రాఫిక్స్ కోర్సులో చేరింది. పొద్దున్నే బస్సెక్కి బత్తలపల్లి మీదుగా పోయి, చీకటిపడే వేళకు ఇల్లు చేరేది. ఇరవై ముగ్గురికి ఒకటే కంప్యూటర్. మగపిల్లలందరి వంతు అయ్యాక, కరెంటుంటే, ఆమెకు పావుగంట. అందుకని ప్రోగ్రాం అంతా నోటుపుస్తకంలో రాసుకుని, ఏ లైనుకు ఏ చుక్క వెలుగుతుందో బస్సులోనే సరిచూసుకునేది. అడ్డం ఎన్ని, నిలువు ఎన్ని అన్న లెక్క ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. తండ్రి పక్కన కూర్చుని పెరిగింది.

మాఘంలో ఒకనాడు కంప్యూటర్ మీద ఒక హంసను గీసింది. దానికి ఎదురు హంసను కంప్యూటరే తిప్పి గీసింది. అచ్చు తీసి ఇంటికి తెచ్చింది.

శ్రీరంగప్ప ఆ కాగితాన్ని వాకిట్లోకి పట్టుకుపోయి గళ్ళు లెక్కపెట్టాడు.

"మెడకాడ రెండు గళ్ళు ఎక్కువైనాయి పాపా. నేస్తే గొంతు వాచినట్ల కనపడతాది."

మర్నాడు దిద్ది తెచ్చింది.

"ఇప్పుడు నేయొచ్చు. ఎంతసేపు పట్టె?"

"దిద్దేకి రెండు నిమిషాలు నాయనా."

 ఆయన కండువా భుజాన వేసుకుని, ఆ కాగితంతో నరసింహప్ప అంగడికి పోయాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన చేత గ్రాఫులు వేయించుకుంటున్న పట్టుచీరల వ్యాపారి నరసింహప్ప.

"మా పాప చేసిందప్పా, చూడు" అన్నాడు శ్రీరంగప్ప.

నరసింహప్ప చూశాడు. తక్కిన బొమ్మలు కూడా అట్లే కంప్యూటర్లోకి ఎక్కించమని ఫ్లాపీలు కొనిచ్చాడు.

ఎండాకాలం సెలవుల్లో కోర్సు చెప్పే మాస్టారు ఆంజినమ్మకు కంప్యూటర్ గది తాళంచెవి ఇచ్చాడు. తండ్రి కూడా ఆమెతో బస్సెక్కేవాడు. పాత గ్రాఫులు ఒళ్ళో పరుచుకుని, "అడ్డం నలభై, నిలువు పదిహేడు" అని ఆయన చెప్తుంటే ఆమె మీటలు నొక్కేది. తండ్రీకూతుళ్ళు అంతగా కలిసి కూర్చున్నది ఎప్పుడూ లేదు. రెండు నెలల్లో ఆయన జీవితకాలం వేసిన బొమ్మలన్నీ ఎక్కిపోయాయి. ప్రోగ్రాంతో సహా ఫ్లాపీలు నరసింహప్పకు చేరాయి.

కోర్సు అయిపోయింది. నరసింహప్ప కంప్యూటర్ కొన్నాడని తెలిసి ఆంజినమ్మ అంగడికి పోయింది. దాని ముందు ఆయన అల్లుడు కూర్చుని ఉన్నాడు.

"ప్రోగ్రాం నేను రాసిందే. ఈ పని నాకియ్యండి" అంది.

"ఆడపిల్లవు, ఇంతమంది మగోళ్ళ మధ్య యాడ కూర్చుంటావమ్మా? ఆ మీటలు నొక్కేది మావానికీ వస్తాది. మీ నాయనకు చెప్పు, ఇంక గ్రాఫుల పని పంపను. బొమ్మలన్నీ ఈడే ఉండాయి కదా."

"అవి మా నాయన బొమ్మలు."

"పేరు రాసిండాడా వాటి మీద?"

అల్లుడు నవ్వాడు. ఆంజినమ్మ ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది. తండ్రి తిడితే బాగుండుననుకుంది. ఆయన తిట్టలేదు. పెన్సిళ్ళు ఒక్కొక్కటే డబ్బాలో వేసి మూత పెట్టాడు.

దసరాకల్లా తక్కిన వ్యాపారులూ నరసింహప్ప దగ్గరే అచ్చులు తీయించుకోసాగారు. యాభై నాలుగేళ్ళ శ్రీరంగప్ప ఇంకొకరింట్లో దారం కండెలు చుట్టే కూలిపనికి కుదిరాడు.

మరుసటి ఏడు తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఆంజినమ్మకు టైపిస్టు ఉద్యోగం దొరికింది. అక్కడ కంప్యూటర్ లేదు. బస్టాండుదాకా సంచి మోసుకొచ్చిన తండ్రి, బస్సు వచ్చాక అన్నాడు:

"ఇంకమీద నీకొచ్చిన పని ఎవురికీ చూపించొద్దు పాపా."

చూపించింది నువ్వే కదా నాయనా అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. ఆయన చేతిలోంచి సంచి అందుకుని బస్సెక్కింది.